పన్నెండో స్ట్రెచర్

మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందని వేపమండలు పట్టుకుని అందరూ పరుగెత్తుతుంటే, నేను వసారాలోంచి కదలకుండా గ్రంథాలయం పుస్తకం చదువుకునేదాన్ని. దెయ్యాల కథలు కూడా చాలానే చదివాను, ఒక్కదాన్నే ఉన్నప్పుడు, భయం లేకుండా. చచ్చినవాళ్ళు చచ్చినట్టే ఉంటారని నా అభిప్రాయం. ఇప్పుడు అడిగినా అదే చెప్తాను. అందుకే కింద రాసిన విషయం ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఇది నేను ఖతార్‌లో ఉండగా, మూడేళ్ళ కిందట, ఒక చలికాలం మధ్యాహ్నం జరిగింది. ఆ రోజుల డైరీ ముందు పెట్టుకునే రాస్తున్నాను. గుర్తులేని చోట గుర్తులేదనే రాస్తాను.

మాది రాయచోటి దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక టైపు హయ్యర్ పాసయ్యాను. మా పిన్ని భర్తను చిన్నాయన అంటాను. ఆయన దోహాలో టెంట్లు, కుర్చీలు, స్టేజీలు అద్దెకిచ్చే కంపెనీలో స్టోర్‌కీపరు. అదే ఆఫీసులో నాకు టైపిస్టు పని ఇప్పించాడు. ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక లాండ్రీ షాపు పైన రెండు గదుల ఇంట్లో పిన్ని, చిన్నాయన, నేను. పొద్దున చిన్నాయన వ్యానులో ఆఫీసుకు, సాయంత్రం అదే వ్యానులో ఇంటికి. ఆఫీసులో 'ఎస్ సర్', 'ఓకే సర్' తప్ప నా నోటి నుంచి మాట వచ్చేది కాదు. ఎవరితో మాట్లాడినా వాళ్ళ చెప్పులు చూస్తూ మాట్లాడేదాన్ని. చెప్పాలనుకున్నవన్నీ డైరీలోకి పోయేవి.

మా అన్న వెంకటరమణ కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. పెళ్ళైన ఎనిమిది నెలలకు అక్కడికి వెళ్ళాడు. తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మా చుట్టుపక్కల పల్లెలవాళ్ళు చాలామంది అక్కడే ఉన్నారు. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అక్కడ గుడారాల్లో పడి ఉండి, విమానాల్లో బొంబాయి వచ్చి, చిక్కి సగమై ఒక్కొక్కరే ఇల్లు చేరారు. అన్న రాలేదు. చివరగా చూసినతను చెప్పింది ఒక్కటే. యజమాని కుటుంబాన్ని కారులో ఎక్కించుకుని సరిహద్దు వైపు బయలుదేరాడని. ఏ సరిహద్దో అతనికీ తెలియదు.

నేను చెప్పే ఆ చలికాలానికి ఐదేళ్ళు దాటింది. వదిన మా ఇంట్లోనే ఉంది. అమ్మతో పాటు వేరుశనగ చేన్లకు కూలికి పోయేది. బొట్టు తీయలేదు. అమ్మ తీయనివ్వలేదో, తనే తీయలేదో నేను అడగలేదు.

అమ్మకు చదువు రాదు. నాకు వచ్చే ఉత్తరాలన్నీ అమ్మ చెప్తుంటే వదిన రాసేది. నేను రాసినవి వదినే అమ్మకు చదివి వినిపించేది. ఆ చలికాలంలో ఒక ఉత్తరం వచ్చింది. దాంట్లో ఇలా ఉంది.

'పాపా, మీ వదినోళ్ళ అన్న వచ్చినాడు. కడపలో కరెంటు పని చేసే అబ్బాయి ఉండాడంట. పెండ్లాం చచ్చిపోయింది, బిడ్డల్లేరు. మనం సరే అంటే మీ వదినకు పెండ్లి చేస్తారంట. నా నోటితో నేను సరే అనలేను. నువ్వు ఆ దేశంలోనే ఉండావు. గట్టిగా విచారించు. రమణ ఉండాడంటే ఉండాడని రాయి. లేడంటే లేడని రాయి. నువ్వు రాసిందే ఖాయం చేస్తా. వచ్చే నెల వాళ్ళు మళ్ళా వస్తారు.'

వదిన గుండ్రటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. 'మీ వదినకు పెండ్లి చేస్తారంట' అని తన చేత్తో తనే రాసింది. అంతకు ముందు గానీ, ఆ ఉత్తరంలో గానీ, తన మాటగా ఒక్క వాక్యం కలపలేదు.

అమ్మ లెక్కలో కువైట్, ఖతార్ పక్కపక్క ఊళ్ళు. నేను అప్పటికే ఎంబసీకి మూడుసార్లు రాశాను. సమాచారం లేదని మూడుసార్లూ జవాబు వచ్చింది. కువైట్‌లో పనిచేసి వచ్చిన డ్రైవరు ఎవరైనా కనబడితే చిన్నాయన అడిగేవాడు. ఎవరికీ ఏమీ తెలియదు. ఉత్తరం ఊరు చేరడానికి పది పన్నెండు రోజులు పట్టేది. అంటే ఆ వారంలో నేను జవాబు పోస్టు చేయాలి. ఉన్నాడని రాస్తే వదిన ఇంకా ఎన్నేళ్ళు ఎదురుచూస్తుందో తెలియదు. లేడని రాయడానికి నా చెయ్యి రాదు. ఎయిర్ షో ఆ వారంలోనే వచ్చింది.

దోహా బయట ఒక రన్‌వే మీద ఆ షో. టెంట్లన్నీ మా కంపెనీవే. విమానాల విన్యాసాల మధ్యలో పాత యుద్ధాన్ని ఆడి చూపించే కార్యక్రమం ఒకటి పెట్టారు. చమురు కంపెనీల్లో పనిచేసే బ్రిటిష్‌వాళ్ళు కొందరు సరదాకి కట్టుకున్న క్లబ్బు ఒకటి దాన్ని నడిపింది. సెలవు రోజుల్లో పాతకాలం మిలిటరీ బట్టలు వేసుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో జరిగినవి జరిగినట్టు ఆడతారు. వాళ్ళ పెద్దను అందరూ మేజర్ అనేవాళ్ళు. తెల్ల మీసాల మనిషి, చాలా మర్యాదస్తుడు. ఈసారి ఆయన ఎంచుకున్న ఘట్టం, ఎడారిలో గాయపడిన ఇండియన్ సిపాయిలను స్ట్రెచర్ల మీద మోసుకొచ్చి విమానం ఎక్కించడం.

సిపాయిలుగా మా కంపెనీ లేబర్ క్యాంపు నుంచి పంతొమ్మిది మందిని తీసుకున్నారు. పదకొండు మంది గాయపడినవాళ్ళు. మిగతా ఎనిమిది మంది మోసేవాళ్ళు, నలుగురు చొప్పున రెండు జట్లు. అందరూ కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవాళ్ళు. సైటు డ్యూటీ మాఫీ, పైగా ఓటీ డబ్బులు, మధ్యాహ్నం బిర్యానీ అనేసరికి పోటీపడి పేర్లు ఇచ్చారు. నర్సు వేషానికి ఒప్పుకున్న మలయాళీ అమ్మాయికి ఆ రోజే ఆసుపత్రి డ్యూటీ పడింది. ఆమెకు కుట్టించిన తెల్ల గౌను నాకు సరిపోతుందని మా మేనేజరు అన్నాడు. నేను కాదనలేకపోయాను. అంతే, నేను నర్సునయ్యాను.

"అంతమంది మొగోళ్ళ మధ్యలోకి పోతావా మే?" అంది పిన్ని.

"నేనుంటా గదా. పాప ఊరికే నిలబడేదే," అన్నాడు చిన్నాయన.

మేజర్ ఏర్పాటు ఇది. ఒక చివర టెంటు, రెండో చివర పాత రెండింజన్ల విమానం. మధ్య రెండొందల అడుగుల ఇసుక. సగం దూరంలో ఒక బల్ల, ఎర్ర శిలువ జెండా. నేను అక్కడ నిలబడాలి. మోసేవాళ్ళు స్ట్రెచర్‌ను నా ముందు కిందికి దించాలి. పడుకున్నవాడి చొక్కాకు కట్టిన అట్ట చీటీని నేను వంగి చదివి, పేరు గట్టిగా పిలవాలి. చీటీ కింది సగం చింపి డబ్బాలో వేయాలి. అప్పుడు వాళ్ళు మళ్ళీ ఎత్తుకుని విమానం వైపు పోవాలి. నిజం యుద్ధంలో కూడా ఇలాగే చేసేవాళ్ళట.

రిహార్సల్లో మొదటి స్ట్రెచర్ నా ముందు దించగానే మోస్తున్న నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో రాజన్న పెద్దవాడు. యాభైకి దగ్గర. సిరిసిల్ల వైపు మనిషి.

"గిది దింపుడు కల్లం గదరా," అన్నాడు.

దాన్ని మావైపు దింపుడు కళ్ళెం అంటాం. పాడెను శ్మశానానికి మోసుకుపోతూ సగం దారిలో కిందికి దించుతారు. అయినవాళ్ళు వంగి, చెవి దగ్గర, పోయిన మనిషిని పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉంటే పలుకుతారని. పలికితే పాడెను ఇంటివైపు తిప్పుతారు. ఆడవాళ్ళం అంతదూరం పోము కాబట్టి నేనెప్పుడూ చూడలేదు. విన్నదే.

స్ట్రెచర్ మీద పడుకున్న మల్లేశ్ లేచి కూర్చున్నాడు. నవ్వకుండా ఉండలేని మనిషి అతను. అతనికి గల్ఫ్ అంతా దుబాయే.

"నేను దిగుత. మా అవ్వకు తెలిస్తె దుబాయ్ దాక వచ్చి కొడ్తది."

"పండుకోరా. పీనుగు మాట్లాడుతదా?"

"పీనుగును గాదన్నా, గాయపడ్డోన్ని. ఓటీ గాయపడ్డోనికే ఇస్తరు. పీనుగుకు ఎవడిస్తడు?"

అందరూ నవ్వారు. రాజన్న నవ్వలేదు. నా దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పాడు. "బిడ్డా, ఆ తెల్లాయనకు జెప్పు. మా పేర్లు పిలువద్దు. బతికున్నోల్ల పేరు ఎవ్వల్దీ పిలువద్దు. ఇంకోటి. ఒక్కసారే పిలువు. మూడుసార్లు పిలువకు."

నేను మేజర్ బూట్లు చూస్తూ ఆయనకు ఆ మాట చెప్పాను, మొదటిది మాత్రమే. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. నీకు నచ్చిన పేర్లు రాసుకో అని అట్ట చీటీలు నా చేతికిచ్చాడు. పేర్లు కల్పిద్దామని కూర్చున్నాను. అయితే ఏ పేరు కల్పించినా ఎక్కడో ఒకచోట ఆ పేరుతో బతికి ఉన్న మనిషి ఉంటాడనిపించింది. చివరికి మా ఊళ్ళో ఎప్పుడో పోయిన ముసలివాళ్ళ పేర్లు పదకొండు రాశాను. మా తాత పేరు చివర రాశాను. పిన్ని తొంగిచూసి, "సచ్చినోళ్ళందర్నీ ఎందుకు లేపుతాండావు మే?" అని నవ్వింది.

షో రోజు ఎండ లేదు. పొద్దుటి నుంచి దుమ్ము లేచి ఆకాశం బూడిదరంగులో ఉంది. గౌనుకు పక్కన జేబు ఉంది. బ్యాగు తేకూడదన్నారు కాబట్టి అమ్మ ఉత్తరం మడిచి ఆ జేబులో పెట్టుకున్నాను. అవతల గ్యాలరీల నిండా జనం. లౌడ్‌స్పీకర్లో అరబ్బీలో, ఇంగ్లీషులో ఏదో చెప్తున్నారు. పైన జెట్లు పోతున్నప్పుడల్లా బల్ల మీద డబ్బా కదిలేది.

స్ట్రెచర్లు రావడం మొదలైంది. మొదటి పేరు నాకే సరిగా వినపడలేదు. రెండోది కొంచెం నయం. తర్వాత అలవాటైపోయింది. దించుతారు, వంగుతాను, పిలుస్తాను, చింపుతాను, ఎత్తుకుపోతారు. ఎవరినీ ఒక్కసారికి మించి పిలవలేదు. పదకొండోవాడు మల్లేశ్. ఒక కన్ను మీద కట్టు, రెండో కన్ను గట్టిగా మూసుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. అతని చీటీ మీద మా తాత పేరు. పిలిచాను, చింపాను, డబ్బా మూత పెట్టేశాను. అయిపోయిందని ఊపిరి తీసుకున్నాను.

తలెత్తేసరికి టెంటు వైపు నుంచి ఇంకో స్ట్రెచర్ వస్తోంది.

నేనేమీ భయపడలేదు. చివరి నిమిషంలో మేజర్ ఇంకొకరిని కలిపి ఉంటాడనుకున్నాను. నలుగురు తెచ్చి నా ముందు దించారు. వాళ్ళ బూట్లు చూశాను, ఖాకీ నిక్కర్లు చూశాను. మొహాలు చూడలేదు. నా అలవాటు అదని ముందే చెప్పాను. ఆ ఒక్కసారి తలెత్తి ఉంటే ఈ రాతతో పని ఉండేది కాదేమో.

పడుకున్న మనిషికి మెడదాకా దుప్పటి. నుదురు, కళ్ళు కప్పుతూ కట్టు. ముక్కు కింది నుంచి గడ్డం దాకా మాత్రమే కనిపిస్తోంది. గడ్డం నాలుగైదు రోజులది. చొక్కా గుండీకి దారం ఉంది. చీటీ లేదు.

విమానం దగ్గర నుంచి మేజర్ చెయ్యెత్తాడు, పిలవమని. అంతమంది చూస్తున్నారు. నాకొక పేరు కావాలి. రాసిన పదకొండు పేర్లలో ఒక్కటీ గుర్తు రాలేదు. నోట్లోంచి వచ్చిన పేరు ఒకటే.

"వెంకటరమణా," అన్నాను.

అన్నను పేరుపెట్టి పిలవడం నా జన్మలో అదే మొదటిసారి. అది నా గొంతులా లేదు. పడుకున్న మనిషి కదల్లేదు. పైన రెండు జెట్లు పోయాయి. మేజర్ చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు, వినపడలేదన్నట్టు. రెండోసారి గట్టిగా పిలిచాను. ఈసారి ఆయన తల ఊపాడు, చాలన్నట్టు.

అక్కడితో ఆగాల్సింది. మూడోసారి ఎవరూ పిలవమనలేదు. రాజన్న చెప్పిన మాట మరిచిపోయానని కూడా అనను. బాగా గుర్తుంది. ఇంకా కిందికి వంగి, నాకు మాత్రమే వినపడేట్టు, "అన్నా," అని పిలిచాను.

"ఏందిమే పాపా," అన్నాడు.

పెదవులు కదలడం చూశాను. దుమ్ము పట్టి ఎండిపోయి ఉన్నాయి. గొంతులో నొప్పి లేదు, బాధ లేదు. మధ్యాహ్నం మంచం మీద పడుకున్న మనిషిని లేపితే, లేవడం ఇష్టంలేక, కళ్ళు తెరవకుండానే పలికినట్టుంది. మళ్ళీ ఏదైనా అంటాడని చూశాను. ఏమీ అనలేదు.

మోసేవాళ్ళు స్ట్రెచర్ ఎత్తారు. ఆగమని అరవాలని ఉంది. పక్కన నడవాలని ఉంది. కట్టు కొంచెం పైకి జరిపి చూస్తే చాలు, ఒక్క క్షణం పని. వ్యాను ఆపమని చిన్నాయనకు చెప్పడానికే పదిసార్లు ఆలోచించుకునేదాన్ని. గ్యాలరీల నిండా జనం. నేను బల్ల పక్కన, చేతులు ముందు కట్టుకుని, మేజర్ నేర్పినట్టే నిలబడి ఉన్నాను. వాళ్ళు విమానంలోకి పోయారు. తలుపు మూసుకుంది. విమానం రన్‌వే మీద మెల్లగా చివరిదాకా పోయింది.

అరగంటకు విమానాన్ని హ్యాంగర్ వెనక్కి తెచ్చి నిలిపారు. నేను అప్పటికే అక్కడ ఉన్నాను. గాయపడినవాళ్ళు ఒక్కొక్కరే కట్లు విప్పుకుంటూ దిగారు. పదకొండు మంది. లోపల ఇంకెవరైనా ఉన్నారా అని చిన్నాయనను అడిగాను. ఆయన ఎక్కి చూసి వచ్చాడు. ఎవరూ లేరు. ఒక స్ట్రెచర్ మాత్రం లోపల ఆ చివర విప్పి ఉందట. అవసరానికని అదనంగా తెచ్చి, టెంటులో తాడుతో కట్టేసి పెట్టినది అది. "ఎవడో తెచ్చి పడేసింటాడులే," అన్నాడు. అయ్యుండొచ్చు. నేను దాన్ని కాదనను.

మోసిన జట్లను చిన్నాయన చేత అడిగించాను. రాజన్న జట్టు ఆరుసార్లు మోశామంది. రెండో జట్టు ఐదు. మల్లేశ్ తరవాత ఎవరినీ మోయలేదని రెండు జట్లూ చెప్పాయి. డబ్బాలో చీటీల సగాలు పదకొండే ఉన్నాయి. మేజర్‌ను అడగడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.

చిన్నాయన గ్యాలరీ పక్కన నిలబడి మొదటి నుంచి చివరిదాకా చూశాడు.

"చివర్లో రెండుసార్లు అరిచినావు. మళ్ళీ వంగి ఏందో అన్నావు. నేను చూసినా," అన్నాడు.

"అప్పుడు నా ముందర స్ట్రెచర్ ఉండెనా చిన్నాయనా?"

"ఉండకుండా దేనిమీదికి వంగుతావు?" అన్నాడు. మళ్ళీ తనే, "దుమ్ములో సరిగా కనపడలేదు పాపా," అన్నాడు.

ఇంకొకటి కూడా రాయాలి. చిన్నాయన నన్ను పాపా అనే పిలుస్తాడు. రిహార్సల్ జరిగిన రెండు రోజులూ క్యాంపువాళ్ళందరూ అది విన్నారు. వాళ్ళలో ఎవరైనా వేళాకోళానికి అన్నారేమో. మా కడప యాస కూడా పట్టి అన్నారేమో. మల్లేశ్‌ను చిన్నాయన గట్టిగానే నిలదీశాడు. అతను వాళ్ళ అవ్వ మీద ఒట్టేశాడు. నవ్వకుండా.

ఆ రోజు డైరీలో ఒకే వాక్యం ఉంది. 'అన్న పలికాడు, నేను నిలబడి చూశాను.'

తర్వాత రెండు రోజులు ఆ ఉత్తరానికి జవాబు రాయాలని కూర్చోవడం, లేవడం. పలికితే పాడెను ఇంటివైపు తిప్పాలి. అంటే అన్న ఉన్నాడనేగా. ఉన్నాడని రాస్తే వదిన తన నోటితోనే అమ్మకు చదివి వినిపిస్తుంది, కడపవాళ్ళకు వద్దని కబురు పోతుంది. నేను విన్నది ఒక్క మాట. అదైనా విన్నానో లేదో సాక్ష్యం లేదు. దాని మీద వదిన బతుకు పెట్టాలా?

మూడో రోజు రాజన్న సెలవు కాగితం టైపు చేయించుకోవడానికి ఆఫీసుకు వచ్చాడు. గదిలో ఇంకెవరూ లేరు. నేను అంతా చెప్పాను, అన్న విషయం, వదిన విషయం, మూడోసారి పిలిచిన విషయం. బయటి మనిషితో అంతసేపు మాట్లాడటం నాకు అదే మొదలు. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"పలికినంక లేచెటట్టు జేసిండా?"

"లేదు."

"చెయ్యన్న కదిలిచ్చిండా?"

"లేదు. మళ్ళీ పడుకున్నట్టే ఉన్నాడు."

రాజన్న కుర్చీలో కూర్చున్నాడు. అంతకు ముందు ఎప్పుడూ మా ఆఫీసులో కూర్చోలేదు.

"మా ఊర్ల ఒక్కసారి గట్లయ్యింది బిడ్డా. మా పెదనాయిన. మూడోసారి పిలిస్తె ఆఁ అన్నడు. ఏడ్సుకుంట నవ్వుకుంట ఇంటికి తెచ్చినం. తొమ్మిది దినాలున్నడు. కండ్లు దెరువలే, బువ్వ దినలే. పిలిస్తె పలుకుడు, అంతే. మా పెద్దమ్మ పొద్దుమాపు పక్కన కూసోని పిలుసుడే పని. పండుకోలే, తినలే. తొమ్మిదో నాడు ఆయన పలుకుడు బందైంది. ఆమె మాత్రం ఇంకో నెలదాక పిలిచింది."

కాగితం మీద సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు ఏం రాస్తవో నేను జెప్ప. గాని పలికిండని మాత్రం మీ వదినెకు రాయకు," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే రాశాను. క్షేమం అడగలేదు, వాతావరణం రాయలేదు. 'అమ్మా, విచారించాను. అన్న ఇక రాడు. వదినను పంపించు.' అంతే. ఉన్నాడని గానీ లేడని గానీ రాయలేదు. మర్నాడు పొద్దున వ్యాను ఆపమని చిన్నాయనకు నేనే చెప్పి, దిగి, పోస్టు చేశాను.

నెలన్నరకు అమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కవరు మీద చేతిరాత నాకు తెలియనిది. పక్కింటి టీచరుగారితో రాయించిందట. విప్పకముందే నాకు అర్థమైంది, వదిన వెళ్ళిపోయింది.

పోయినేడు సెలవుకు వెళ్ళినప్పుడు కడపలో వదిన ఇంటికి పోయాను. వెళ్ళాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆమెకు ఎనిమిది నెలల కొడుకు. భర్త పనికి పోయాడు. అన్నం పెట్టింది, ఆమె కూడా నాతోపాటు తిన్నది. అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి, దోహాలో ఎండల గురించి మాట్లాడుకున్నాం. అన్న పేరు ఎవరమూ ఎత్తలేదు. బయలుదేరి గడప దాటి చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి అడిగింది.

"ఎవరు చెప్పినారు పాపా?"

నేను ఆమె వైపు తిరిగాను. "ఒక డ్రైవరు."

"ఆయన్ను చూసినాడా?"

"చూసినాడంట."

పిల్లాణ్ణి ఆ భుజం మీద నుంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. "ఎట్లుండెనంట?"

"పండుకోని ఉండెనంట."

"నొప్పి ఏమన్నా..."

"ఏం లేదంట. నిద్రలో ఉన్నట్టే ఉండెనంట."

"ఒక్కడేనా?"

"లేదు వదినా. మోసేదానికి నలుగురు ఉండిరంట."

ఆమె తల ఊపింది. తర్వాత, "నలుగురుండిరి గదా, అది చాలు," అంది. పిల్లాడు ఏడుస్తుంటే లోపలికి తీసుకుపోయింది.

బస్సులో వస్తూ లెక్క చూసుకున్నాను. నేను చెప్పినవాటిలో డ్రైవరు మాట అబద్ధం. మిగతా ప్రతి మాట నేను కళ్ళతో చూసింది, చెవులతో విన్నది. అయినా అది నిజమని ఒట్టేయమంటే వేయలేను. ఎంబసీ నుంచి ఇప్పటికీ అన్న గురించి ఏ కబురూ లేదు. ఎప్పుడో ఒకరోజు ఆయన మా ఇంటి ముందు దిగితే, పలికిన తర్వాత కూడా ఎందుకు పోనిచ్చావని అడిగితే, డైరీలో ఆ ఒక్క వాక్యమే చూపించగలను. దిగకపోతే, ఆ మధ్యాహ్నం ఆ ఇసుకలో నన్ను పాపా అన్నదెవరో చెప్పగలిగేవాళ్ళు లేరు. ఆ నలుగురి మొహాలు నేను చూడలేదు.